తరచుగా అడిగే ప్రశ్నలు: ట్రైలర్ ఇంటితో కెనడా ఉత్తరాది అడవుల్లోకి, అక్కడి డెల్టా దాకా

మాది అమలాపురానికి దగ్గరలోని ఒక పల్లె. నాకు 58 ఏళ్లు, మా వారికి 63. జూన్ రెండో వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మేమిద్దరమే పికప్ ట్రక్కుకు ఒక ట్రైలర్ ఇంటిని తగిలించుకుని ఏడు వేల కిలోమీటర్లకు పైగా తిరిగి వచ్చాం. అప్పటి నుంచి పెళ్లిళ్లలోనూ, అరుగుల మీదా, సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడినప్పుడు కూడా చుట్టాలూ తెలిసినవాళ్లూ అడిగే ప్రశ్నలివి. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మరచిపోతున్నాను కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అసలు మీరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారు?

మా అబ్బాయి ఉండే ఎడ్మంటన్‌లో బయలుదేరాం. అక్కడి నుంచి వాయవ్యంగా 590 కిలోమీటర్లు వెళితే డాసన్ క్రీక్ వస్తుంది. అలాస్కా హైవేకి సున్నా మైలురాయి అక్కడే ఉంది. తరువాత ఫోర్ట్ నెల్సన్, లియార్డ్ వేడినీటి బుగ్గలు, వాట్సన్ లేక్, యూకాన్ రాజధాని వైట్‌హార్స్. వైట్‌హార్స్ దగ్గర హైవే వదిలి ఉత్తరానికి తిరిగి డాసన్ సిటీ చేరాం. డాసన్ క్రీక్, డాసన్ సిటీ వేరువేరు ఊళ్లు, మధ్య దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరం ఉంది. రెండింటికీ జార్జ్ డాసన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పేరే పెట్టారు. ట్రైలర్‌ను డాసన్ సిటీలో ఉంచి, ట్రక్కు ఒక్కదానితో డెంప్‌స్టర్ హైవే మీద మెకంజీ నది డెల్టాలోని ఇనువిక్‌కూ, అక్కడి నుంచి ఉత్తర ధ్రువ సముద్రం ఒడ్డున ఉన్న టుక్టోయాక్టుక్‌కూ వెళ్లి వచ్చాం.

అలాస్కా వెళ్లలేదా?

లేదు. అలాస్కా అమెరికాది, మా దగ్గర ఉన్నది కెనడా వీసా మాత్రమే. అలాస్కా హైవే చివర ఉన్న ఊరి పేరు డెల్టా జంక్షన్. ఆ పేరున్న ఊరు చూడకుండా రావడం మా వారికి ఇప్పటికీ కొరతే. మీరు వెళ్లదలిస్తే రెండు దేశాల వీసాలూ ముందే తీసుకోండి.

ట్రైలర్ ఇల్లంటే బస్సులాంటిదా?

కాదు. దానికి ఇంజను ఉండదు. ట్రక్కు వెనక ఉన్న ఇనుప గుండుకు దాని ముక్కును తగిలించి లాగుతాం. మాది 20 అడుగుల పొడవు. లోపల ఒక మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానాల గది, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తినడానికి ఒక బల్ల. ఊరు చేరాక ట్రైలర్‌ను విడదీసి ఒకచోట నిలిపి, ట్రక్కులో తిరగవచ్చు. ఇదే దానితో ఉన్న పెద్ద సుఖం.

సామాన్లు సర్దడంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బండిలో వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎడ్ల మెడలు నలుగుతాయి. ట్రైలర్‌కూ అంతే. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముక్కు మీద పడాలి. అంతకు తగ్గితే వేగంలో వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, ఒక్కోసారి ట్రక్కును కూడా రోడ్డు దిగలాగుతుంది. బియ్యం మూట వెనక మూలలో పెడదామన్న నన్ను మా వారు మొదటి రోజే ఆపారు.

మా అన్నయ్యగారికి అంత పెద్దది నడపడం ఎలా వచ్చింది?

ఆయన ముప్పై ఏళ్లు ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి కొబ్బరికాయలు తోలారు. కాలువ గట్టు మీద ట్రాలీని వెనక్కి నడిపినవాళ్లకు స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రాలీ దానికి వ్యతిరేకంగా వెళుతుందన్నది ఒంటికి పట్టిన విద్య. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు కూడా ట్రైలర్‌ను వెనక్కి పెట్టడానికి పడే తిప్పలు చూశాను. మా వారికి అది మొదటి రోజే వచ్చింది. ఆయనకు కష్టమైంది కుడివైపు నడపడం. మా అబ్బాయి పక్కన కూర్చుని పది రోజులు నేర్పాకే బయలుదేరాం.

ఇక్కడి లైసెన్సుతో పాటు రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నారు, అది ఏడాది చెల్లుతుంది. బండి బీమాలో ఆయన పేరు రాయించుకున్నాం. కొడుకు బండే కదా అని బీమా సంగతి వదిలేయకండి.

రోజుకు ఎంత దూరం వెళ్లేవారు?

మూడు వందల కిలోమీటర్లు దాటకూడదని నియమం పెట్టుకున్నాం. మూడు సార్లు తప్పాం, మూడు సార్లూ ఆ సాయంత్రం ఇద్దరికీ మాట పెగల్లేదు.

దారిలో పెట్రోలు దొరుకుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు సరిగా అర్థమైతే ఆ ప్రయాణం సగం అర్థమైనట్టే. మన కోనసీమలో రెండు కిలోమీటర్లు వెళ్లేలోపు ఒక ఊరు, ఒక టీ కొట్టు, మనల్ని చూసి ఎవరమ్మాయివని అడిగే ఒక పెద్దమనిషి తప్పకుండా ఉంటారు. పుట్టినప్పటి నుంచి ఎవరి కంటికీ కనబడకుండా ఒక్క గంట గడపలేదు నేను. అక్కడ గంటన్నర, రెండు గంటలు నడిపినా ఇల్లు కనబడదు, కరెంటు స్తంభం ఉండదు, ఫోను సిగ్నల్ ఉండదు. ఎలుగుబంట్ల గురించీ చలి గురించీ అందరూ అడుగుతారు. సిద్ధపడవలసింది మాత్రం ఆ ఖాళీకి.

అందుకే ట్యాంకు సగానికి వచ్చిందంటే, బంకు కనబడిన చోటల్లా నింపాం. ట్రైలర్ లాగుతుంటే మా ట్రక్కు లీటరుకు ఐదారు కిలోమీటర్లకు మించి ఇవ్వలేదు. డెంప్‌స్టర్ హైవే ఎక్కాక 369వ కిలోమీటరు దగ్గర ఈగిల్ ప్లెయిన్స్ వచ్చేదాకా దారిలో బంకు లేదు. ఒక డబ్బా పెట్రోలు అదనంగా కట్టుకున్నాం. 1996 నవంబరు తుఫాను తరువాత మా అత్తగారు ఇంట్లో బియ్యం, పప్పు, అగ్గిపెట్టె, కిరసనాయిలు వారానికి సరిపడా లేకుండా ఎన్నడూ ఉండనివ్వలేదు. ఆ అలవాటే అక్కడ మమ్మల్ని కాపాడింది.

ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం ఒకటి మా అబ్బాయి ఇచ్చాడు. రోజూ సాయంత్రం దానిలో ‘క్షేమం’ అని పంపేదాన్ని. ఆ పరికరం లేకుండా డెంప్‌స్టర్ వైపు వెళ్లవద్దని నా గట్టి మాట.

తిండి సంగతి?

ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, చింతపండు, బియ్యం, కందిపప్పు, మినప్పప్పు. కుక్కరు ఉంటే సగం ప్రపంచం మనదే. కూరగాయలు వైట్‌హార్స్ దాకా బాగానే దొరికాయి, పైకి వెళ్లేకొద్దీ ధర పెరిగి తాజాదనం తగ్గింది. బంగాళదుంప, ఉల్లిపాయ, క్యాబేజీ మీద నడిపాం. ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె పట్టుకెళ్లాను, దారిలో సాయం చేసినవాళ్లకు ఇవ్వడానికి. ఆ పెట్టె ఎలా ఖాళీ అయిందో తరువాత చెబుతాను.

నీళ్లు, మరుగుదొడ్డి ఎలా?

ట్రైలర్ అడుగున మూడు తొట్లు ఉంటాయి. ఒకటి మంచినీటికి, ఒకటి వంటగది, స్నానాల నీటికి, మూడోది మరుగుదొడ్డిది. మంచినీటి తొట్టి నిండా నింపితే, చెంబు లెక్కన వాడుకుంటే ఇద్దరికి నాలుగైదు రోజులు వస్తుంది. మిగతా రెండు నిండినప్పుడు అందుకోసం కట్టిన స్థలంలో గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. ముందు మరుగుదొడ్డిది, తరువాత వాడిన నీటిది వదలాలి, అప్పుడు రెండోది గొట్టాన్ని కడిగేస్తుంది. చేతి తొడుగులు తప్పనిసరి. గోదారి గట్టున పుట్టినదాన్ని, నీళ్లు కొలుచుకుని వాడడం నాకు అక్కడే అలవాటైంది. అడవిలో తొట్టి వదిలేయడం నేరం, పాపం కూడా.

ఎలుగుబంట్లను చూశారా?

చూశాం. ఫోర్ట్ నెల్సన్ దాటాక రోడ్డు పక్క పచ్చికలో మేస్తున్న నల్ల ఎలుగులు ఒకే రోజు ఏడు కనిపించాయి. గోధుమరంగు గ్రిజ్లీని డెంప్‌స్టర్ మీద ఒక్కసారే చూశాం, అదీ దూరంగా. బండి దిగకపోవడం, ఆహారం వేయకపోవడం, ఫొటో కోసం దగ్గరికి పోకపోవడం, ఇంతే. వంట సామాను, చెత్త, గిన్నెలు కడిగిన నీళ్లు ఏవీ రాత్రి బయట ఉంచకూడదు. ఆవకాయ జాడీ వాసనకు ఎలుగు వస్తుందేమోనని మొదటి వారం నాకు నిద్ర లేదు. మూతకు గుడ్డ కట్టి, దాన్ని మరో డబ్బాలో పెట్టేదాన్ని. నడకకు వెళ్లినప్పుడు మిరపకాయ ఘాటుతో చేసిన ఎలుగుల స్ప్రే మా వారి నడుముకే ఉండేది, సంచిలో ఉంటే అవసరానికి అందదు. ఇద్దరం గట్టిగా మాట్లాడుకుంటూ నడిచేవాళ్లం, మనిషి అలికిడి వింటే చాలావరకు అదే తప్పుకుంటుంది.

నాకు ఎక్కువ భయం వేసింది లియార్డ్ దగ్గర అడవి దున్నల మందను చూసి. రోడ్డుకు అడ్డంగా పడుకున్నాయి. ఇరవై నిమిషాలు ఇంజను ఆపి కూర్చున్నాం.

దోమలు ఉంటాయా?

లంక ఊళ్లో పెరిగిన నేనే ఓడిపోయాను. ముఖానికి వల టోపీ కొనుక్కోండి.

అక్కడ రాత్రి పడదటగా?

వైట్‌హార్స్‌లో జూన్ చివర పంతొమ్మిది గంటల పగలు. ఆ తరువాత మిగిలేది కూడా చీకటి కాదు, మసక వెలుతురు. ఇనువిక్‌లో మే చివరి నుంచి జూలై మూడో వారం దాకా సూర్యుడు అస్తమించడు, ఆకాశంలో గుండ్రంగా తిరుగుతాడు. సాయంత్రం దీపం పెట్టే వేళ ఏదో తెలియక నాకు చాలా ఇబ్బందిగా ఉండేది. చివరికి గడియారం ఆరు చూపగానే ట్రైలర్‌లో చిన్న దీపం వెలిగించాను. కిటికీలకు నల్ల గుడ్డ కట్టుకుంటే నిద్ర పడుతుంది.

చలి?

వేసవే కాబట్టి పగలు మన జనవరిలా ఉంటుంది. తెల్లవారుజామున ఐదారు డిగ్రీలు. అలాస్కా హైవేలో అన్నిటికంటే ఎత్తైన సమ్మిట్ లేక్ దగ్గర, 1,295 మీటర్ల ఎత్తున, జూన్‌లో వడగళ్లు పడ్డాయి. ఉన్ని దుస్తులు రెండు జతలు చాలు.

ఆ అడవిలో రోడ్డు ఎవరు వేశారు?

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి చేశాక, అలాస్కాకు నేల మీద దారి కావాలని అమెరికా సైన్యం 1942లో దీన్ని మొదలుపెట్టింది. పదివేలకు పైగా సైనికులు, వారిలో దాదాపు మూడో వంతు నల్లజాతి సైనికులు, ఎనిమిది నెలల్లో డాసన్ క్రీక్ నుంచి డెల్టా జంక్షన్ దాకా బాట తెరిచారు. సాధారణ ప్రజలను 1948లో గాని అనుమతించలేదు. నేల అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే మట్టి ఉంది. పైనున్న నాచును గీకేసరికి ఎండ తగిలి అది కరిగి యంత్రాలు మింగే బురద అయింది. అప్పుడు దుంగలను అడ్డంగా పరిచి వాటి మీద మట్టి పోశారు. వర్షాకాలంలో చేలోకి బండి దింపడానికి తాటి మొద్దులు పరచడం చూసినవాళ్లం కాబట్టి ఆ కథ మా ఇద్దరికీ బాగా అర్థమైంది. రోడ్డుతో పాటు బయటి రోగాలు కూడా వచ్చి, అక్కడి ఆదివాసీ పల్లెల్లో ఎందరో చనిపోయారు. ఇది కూడా చెప్పకుండా ఆ రోడ్డును మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

పులస లాంటి చేప ఏదైనా ఉందా?

ఉంది, అయితే తినలేదు. చినూక్ సాల్మన్ అనే చేప బేరింగ్ సముద్రంలో బయలుదేరి యూకాన్ నదికి ఎదురీది దాదాపు మూడు వేల కిలోమీటర్లు పైకి వచ్చి, వైట్‌హార్స్ ఎగువన గుడ్లు పెట్టి చనిపోతుంది. వరద నీటికి ఎదురెక్కే మన పులసకు ఇది పెద్దన్న. వైట్‌హార్స్ దగ్గర విద్యుత్ కోసం ఆనకట్ట కట్టాక, చేప ఎక్కడానికి 1959లో చెక్కతో మెట్ల కాలువ కట్టారు. పొడవు 366 మీటర్లు. గాజు కిటికీలోంచి చూడవచ్చు. తిరుగు ప్రయాణంలో ఆగస్టు మొదట్లో రెండు గంటలు కూర్చుంటే ఒకే ఒక్క చేప కనిపించింది. ఎర్రబడిన ఒళ్లు, చిరిగిన తోక. ఆ చేపలు అంతగా తగ్గిపోయాయి. 2024లో అలాస్కా, కెనడా కలిసి యూకాన్ చినూక్‌ను ఏడేళ్లు పట్టకూడదని ఒప్పందం చేసుకున్నాయి. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అనే ఊరివాళ్లం. ధవళేశ్వరం దిగువన పులస ఏటేటా అరుదైపోతుంటే మనం ధర గురించి మాత్రమే మాట్లాడుకుంటాం. ఏడేళ్లు మానేద్దామని ఇక్కడ ఎవరైనా అంటే వినేవాళ్లున్నారా అని ఆ కిటికీ ముందు మా వారు అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అంత దూరం డెల్టా చూడడానికి ఎందుకు?

మా వారి కోరిక అది. ‘నదులన్నీ చివరికి మనలాగే చీలతాయా, చూద్దాం’ అన్నారు.

డెంప్‌స్టర్ హైవే 1979లో తెరిచిన కంకర రోడ్డు, దాదాపు 740 కిలోమీటర్లు. గడ్డకట్టిన నేల కరగకుండా కంకరను మందంగా పోసి, ఏటిగట్టులా ఎత్తు చేశారు. 405వ కిలోమీటరు దగ్గర ఆర్కిటిక్ వలయం దాటాం. తరువాత పీల్ నది, మెకంజీ నది వచ్చాయి. రెండింటి మీదా వంతెన లేదు. వేసవిలో పంటు, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే రోడ్డు. బండ్లు ఎక్కాక పలక పైకి లేచి, ఇంజను గుడగుడమంటూ నీళ్లలోకి జరగగానే మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. సఖినేటిపల్లి నుంచి నరసాపురం దాటుతున్నట్టే ఉంది. నీళ్లు కూడా వరద గోదారిలా మట్టి రంగులోనే ఉన్నాయి. మా వారు దోసిట పట్టి, వేళ్ల మధ్య నలిపి, ‘ఒండ్రే’ అన్నారు. అంత సంతోషంగా ఆయన్ను చూసి చాలాకాలమైంది.

ఇనువిక్ ఆ డెల్టా తూర్పు పాయ ఒడ్డున ఉంది. ఇళ్లన్నీ స్తంభాల మీద నిలబడి ఉంటాయి, ఇంటి వేడికి కింది నేల కరిగి కుంగిపోకుండా. నీటి గొట్టాలు కూడా నేలపైనే పెట్టెల్లో సాగుతాయి. ఆ ఊరు 1950లలో కట్టింది. అంతకుముందు పెద్ద ఊరు డెల్టా నడుమ ఉన్న అక్లావిక్. దానికి వరద, కోత ఎక్కువని ప్రభుత్వం జనాన్ని కొత్త ఊరికి తరలించాలనుకుంది. చాలామంది కదలలేదు. అక్లావిక్ ఇప్పటికీ ఉంది. ఇది విన్నప్పుడు మా మేనత్త ఊరు గుర్తొచ్చింది. వరద వచ్చిన ప్రతిసారీ పడవలో గట్టుకు చేరి, నీరు తీయగానే అదే లంకకు తిరిగి వెళ్లే మనుషులు. అక్కడ వరద మే చివర, జూన్‌లో వస్తుంది. ఎగువన మంచు ముందు కరిగి, దిగువన ఇంకా కరగని మంచుగడ్డలు అడ్డుపడి నీరు ఎగదన్నుతుంది. మనకు వాన తెచ్చేది వాళ్లకు ఎండ తెస్తుంది.

అయితే వరి లేదు, కొబ్బరి లేదు. పొట్టి చెట్లు, లెక్కలేనన్ని చెరువులు, వాటి మధ్య మెలికలు తిరిగే పాయలు. టుక్టోయాక్టుక్‌కు 2017 నవంబరులోగాని ఏడాది పొడవునా వాడే రోడ్డు రాలేదు. అక్కడ సముద్రం ఒడ్డును కొరుకుతుంటే ఇళ్లను వెనక్కి జరుపుతున్నారు. ఉప్పాడ చూసినవాళ్లకు ఇంతకంటే వివరించనక్కరలేదు. అంతర్వేది సంగమంలో చేసినట్టే నీళ్లు తల మీద చల్లుకున్నాను. వేళ్లు కొయ్యబారాయి.

బండి ఏమైనా పాడైందా?

డెంప్‌స్టర్ మీద పలకరాయి ముక్క టైరును కోసింది. స్టెప్నీ దించి చూస్తే దానిలో గాలి సగమే ఉంది. బయలుదేరే ముందు బండిని చూసిన దుకాణంవాళ్లు అన్ని టైర్లూ సరిచూశామని కాగితం రాసిచ్చారు. మేము వాళ్ల మాట నమ్మి మళ్లీ చూసుకోలేదు. నలభై నిమిషాల్లో మూడు బండ్లు వచ్చాయి, మూడూ ఆగాయి. అక్కడ ఆగి ఉన్న బండిని దాటి ఎవరూ వెళ్లరు. రెండో బండిలోని ఆయన దగ్గర గాలి కొట్టే యంత్రం ఉంది. పూతరేకుల పెట్టె ఖాళీ అయింది అక్కడే. ఇంకో రోజు నేను ఫ్రిజ్ తలుపు గడి వేయడం మరిచిపోయి, పప్పు గిన్నె ట్రైలరంతా పరుచుకుంది. కదిలే ముందు ఎవరెవరు ఏమేమి చూడాలో కాగితం మీద రాసి తలుపుకు అంటించాక ఆ బాధ మళ్లీ రాలేదు.

రెండు నెలలు ఒకే గదిలో ఇద్దరే. గొడవపడలేదా?

పడ్డాం, ఎక్కువగా ట్రైలర్‌ను వెనక్కి పెట్టేటప్పుడు. నేను ‘కుడి’ అంటే ఆయన స్టీరింగ్ కుడికి తిప్పేవారు. చివరికి మాట మానేసి చేతి సైగలు పెట్టుకున్నాం. నా చెయ్యి ఎటు చూపితే ట్రైలర్ వెనక భాగం అటు రావాలి. అద్దంలో నేను కనబడకపోతే వెంటనే ఆపాలి. ఇంటి దగ్గర ఆయన చేలోకి, నేను వంటింట్లోకి వెళితే రోజంతా పది మాటలే. అక్కడ అలిగినా ఆయన నుంచి నాలుగు అడుగుల దూరమే వెళ్లగలను. ముప్పై నాలుగేళ్లలో నాకు చెప్పని తన చిన్ననాటి సంగతులు ఆ రోడ్డు మీద చెప్పారు. అవి ఇక్కడ రాయను.

ఖర్చు, మందులు?

ఖర్చులో అన్నిటికంటే పెద్దది పెట్రోలు. మాకు బండి అద్దె లేదు. అద్దెకు తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, చాలా సంస్థలు తమ బండ్లను కంకర రోడ్ల మీదికి అనుమతించవు. యూకాన్ ప్రభుత్వ విడిది స్థలాలు చవక, కట్టెలు ఉచితం. బీపీ మాత్రలు మూడు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లాం. సందర్శకుల ఆరోగ్య బీమా లేకుండా కాలు బయట పెట్టవద్దు. కార్చిచ్చు వార్తలు రోజూ చూడండి. 2024 మేలో ఫోర్ట్ నెల్సన్ పట్టణాన్నే ఖాళీ చేయించారు.

వాట్సన్ లేక్‌లో అమలాపురం బోర్డు పెట్టారట, నిజమేనా?

నిజమే. 1942లో రోడ్డు పనిలో గాయపడి, ఇంటి మీద బెంగపెట్టుకున్న కార్ల్ లిండ్లీ అనే సైనికుడు తన ఊరు డాన్‌విల్‌కు దూరం రాసి అక్కడ ఒక పలక పాతాడు. తరువాత వచ్చినవాళ్లంతా తమ ఊళ్ల పేర్లు కట్టడంతో ఇప్పుడది వేల వేల బోర్డుల అడవి. ఎవరైనా కట్టవచ్చు. మేము బయలుదేరే ముందే అమలాపురంలో బోర్డులు రాసే అబ్బాయితో రేకు మీద ఊరి పేరు రాయించుకుని వెళ్లాం. మీరు వెళితే పేరు తెలుగులోనే రాయించండి, రంగు నూనె రంగై ఉండాలి, రేకుకు నాలుగు మూలలా కన్నాలు ఇక్కడే పెట్టించుకోండి. మేకులు, సుత్తి కూడా తీసుకెళ్లండి. మా బోర్డుకు కింద, ఎడమవైపు, ఇంకో రేకు పట్టే చోటు ఉంది.